పచ్చ యాలకులు, నల్ల యాలకులు: ఏది ఎందులో, ఎప్పుడు వెయ్యాలి

మీ వంటింట్లో ఉన్న యాలకుల డబ్బా తెరిచి ఒక కాయ తీసుకోండి. గోటితో తొక్క చీల్చండి. లోపల మూడు అరలుంటాయి. ఒక్కో అరలో గింజలు పల్చటి పొర కింద ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గింజలు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉండి, వేళ్ళకి కాస్త జిగురు తగిలితే ఆ కాయ బాగున్నట్టే. ఒక గింజ నోట్లో వేసుకుని కొరకండి. ముందు తీపి వాసన, వెంటనే చిన్న ఘాటు, చివర ముక్కులోకి ఎక్కే చల్లదనం తెలియాలి. గింజలు తెల్లబారి, ఎండిపోయి, కొరికితే చెక్కపొడిలా ఉంటే ఆ డబ్బాలోవి ఎన్ని వేసినా పాయసానికి వాసన రాదు.

యాలక్కాయ గుణమంతా ఆ గింజల్లో ఉన్న నూనెది. తొక్కలో ఉండేది బాగా తక్కువ. ఆ నూనెలో రెండు ముఖ్యమైన పదార్థాలున్నాయి. ఒకటి సినియోల్. నీలగిరి తైలంలో ఉండేది కూడా ఇదే, ఆ చల్లటి ఘాటు దీనివల్లే వస్తుంది. రెండోది టెర్పినైల్ ఎసిటేట్. పువ్వుల్లాంటి, పండులాంటి ఆ తీపి వాసన దీనిది. రెండూ వేడి తగిలితే ఆవిరైపోయేవే. అందుకే యాలకుల విషయంలో ఎన్ని వేశాం అన్నదానికంటే ఎప్పుడు వేశాం అన్నది ముఖ్యం. నేను ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్నా ఈ ఒక్క సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలిశాక మా ఇంట్లో స్వీట్ల రుచే మారిపోయింది.

మొదటి మెట్టు: ఏది ఏమిటో గుర్తుపట్టడం

పచ్చ యాలకులు మనందరికీ తెలిసినవే. హైదరాబాదులో చోటీ ఇలాచీ అంటారు. మన దేశంలో ఎక్కువగా కేరళలోని ఇడుక్కి కొండల్లో పండుతాయి, కర్ణాటకలో కొడగు వైపూ ఉన్నాయి. ఇడుక్కిలో పుట్టడి, కొండ దిగితే తమిళనాడులో బోడినాయకనూరు వీటి వేలానికి పేరుపడ్డ ఊళ్ళు. చెట్టు మనిషి కంటే ఎత్తు పెరిగినా కాయలు మాత్రం మొదలు దగ్గర, నేలకి ఆనుకుని వచ్చే రెమ్మలకి కాస్తాయి. కాబట్టి వంగి, ఒక్కో కాయా చూసి కోయాలి. పూర్తిగా పండితే పగిలిపోతాయని అంతకు కొంచెం ముందే కోస్తారు. ఒకేసారి అన్నీ తయారు కావు, నెలల తరబడి విడతలు విడతలుగా కోస్తూనే ఉంటారు. కోసినవాటిని ఎండలో పెడితే రంగు పోతుందని గదుల్లో వేడిగాలితో ఆరబెడతారు. ఇంత పని ఉంది కాబట్టే ఆ ధర.

గ్వాటెమాలాలో కూడా యాలకులు విపరీతంగా పండుతాయి. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ స్థిరపడిన ఒక జర్మన్ తోటల యజమాని తెచ్చి నాటిన పంట అది. అక్కడివాళ్ళ వంటల్లో వీటి వాడకం తక్కువ, పండినదంతా దాదాపుగా ఎగుమతే. గల్ఫ్‌లోనో అమెరికాలోనో మీరు కొనే పొట్లంలో ఇవే ఉండే అవకాశం ఎక్కువ.

తెల్ల యాలకులు వేరే జాతి కాదు. పచ్చవాటినే గంధకం పొగతో తెల్లబరుస్తారు. తెల్లటి స్వీట్లలో రంగు తేలకూడదని వాడతారు. వాసన తక్కువ. గింజలు మాత్రమే దంచి వేసుకుంటే పచ్చ యాలకులతో కూడా రంగు తేలదు కదా, అందుకని నేను తెల్లవి కొనడం మానేశాను.

నల్ల యాలకుల సంగతి పూర్తిగా వేరు. పెద్ద యాలకులన్నా, బడీ ఇలాచీ అన్నా ఇవే. అల్లం కుటుంబమే అయినా మొక్క వేరు. నేపాల్, సిక్కిం, భూటాన్ కొండల్లో పండుతాయి. కాయ బొటనవేలి మొదటి కణుపంత ఉంటుంది. తొక్క ముడతలు పడి, తోలులా గట్టిగా ఉంటుంది. చీల్చి చూస్తే గింజల చుట్టూ నల్లటి జిగురు గుజ్జు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ వాసన కొడుతుంది. అక్కడి రైతులు కాయల్ని భట్టీ మీద పరిచి కింద కట్టెల మంట పెట్టి ఆరబెడతారు. ఆ పొగే కాయకి పట్టి మన కూరదాకా వస్తుంది. వీటి నూనెలో సినియోల్ మెండుగా ఉంటుంది, తీపి వాసన ఇచ్చే రెండో పదార్థం మాత్రం పెద్దగా ఉండదు. పచ్చవి లేనప్పుడు స్వీట్లో నల్లవి వేస్తే ఎందుకు కుదరదో దీనితోనే అర్థమవుతుంది.

నేను ఒకసారి అలా చేశాను కూడా. ఇంట్లో పూజ, పచ్చ యాలకులు అయిపోయాయి, కొట్టుకి వెళ్ళే టైమ్ లేదు. ఏ యాలక్కాయైతే ఏమిటని ఒక పెద్దది దంచి పరమాన్నంలో కలిపాను. లీటరు పాలు, మంచి నెయ్యి, అన్నీ పెట్టి చేసిన పరమాన్నం అడుగంటినట్టు పొగ వాసన వచ్చింది. నైవేద్యం పెట్టాక పిల్లలు ఒక్క స్పూను కూడా తినలేదు. చాలా బాధపడ్డాను. పచ్చవి లేకపోతే స్వీట్లో కాస్త జాజికాయ అరగదీసి వేసుకోండి, లేదా ఏమీ వెయ్యకండి.

రెండో మెట్టు: కొనడం, దాచడం

కొట్లో 6, 7, 8 మిల్లీమీటర్లని సైజు చెబుతారు. పెద్దవి చూడ్డానికి బాగుంటాయి. దండలు గుచ్చడానికి, ఎవరికైనా ఇవ్వడానికి అవే తీసుకోండి. దంచుకోవడానికి మాత్రం సైజుతో పని లేదు, ఒక కాయ ఒలిచి గింజలు చూపించమనండి. కాయ మూసుకుని ఉండాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటే గింజలు ఎండి ముడుచుకున్నట్టు. బఠానీ రంగులో మరీ నిగనిగలాడుతుంటే అనుమానించండి. ఒకసారి నేను తెచ్చిన పొట్లంలోంచి రెండు కాయలు గోరువెచ్చని నీళ్ళలో వేస్తే పది నిమిషాల్లో నీళ్ళు పచ్చగా అయ్యాయి, కాయలు పాలిపోయాయి. పాత సరుక్కి రంగు వేసి అమ్మారు. అప్పటినుంచి కొత్త కొట్లో కొన్న ప్రతిసారీ ఈ పరీక్ష చేస్తున్నాను.

గాలి చొరబడని గాజు సీసాలో, వెలుతురు తగలని అరలో, పొయ్యికి దూరంగా పెట్టండి. కాయగా ఉంటే ఏడాది వరకు బాగుంటాయి. పొడి చేసిన మరుక్షణం నుంచి వాసన పోవడం మొదలవుతుంది, కాబట్టి వారానికి సరిపడా మాత్రమే దంచుకోండి. డబ్బాల్లో అమ్మే రెడీమేడ్ పొడిలో తొక్కలు కూడా కలిపి ఆడించి ఉండొచ్చు. నేను దాన్ని వాడను.

నల్లవి 50 గ్రాములు కొంటే ఒక కుటుంబానికి చాలా నెలలు వస్తాయి. వీటిని వేరే సీసాలో పెట్టడం తప్పనిసరి. పక్కన ఏముంటే దానికి పొగ వాసన పట్టిస్తాయి.

మూడో మెట్టు: దంచడం

కాయని రోకలితో ఒక్క దెబ్బ వేస్తే తొక్క చీలుతుంది. గింజలు వేరుచేసి, ఒక స్పూను పంచదార కలిపి చిన్న రోట్లో నూరండి. పంచదార పలుకులు గింజల్ని కోస్తాయి, పైగా బయటికొచ్చిన నూనెని పీల్చుకుంటాయి. మెత్తటి పొడి తేలిగ్గా వస్తుంది. మిక్సీలో వెయ్యాలంటే కూడా పంచదార కలపాల్సిందే, లేకపోతే నాలుగైదు కాయల గింజలు బ్లేడు కింద తిరుగుతూనే ఉంటాయి. మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పండి. నా లెక్కలో 12 మంచి కాయల గింజలకి ఒక టీస్పూను పొడి వస్తుంది.

చాలామంది కాయల్ని వేయించి దంచుతారు. చెమ్మ పట్టి సాగుతుంటే మూకుడు వేడిచేసి, స్టవ్ ఆపేసి, ఆ వేడి మీద ఒక నిమిషం ఉంచితే చాలు. అంతకు మించి వేయిస్తే మీ వంటింటికి వాసన వస్తుంది, పాయసానికి రాదు.

తొక్కలు పారెయ్యకండి. టీపొడి డబ్బాలోనో పంచదార డబ్బాలోనో వేసి మూత పెడితే వారానికల్లా మెల్లగా వాసన పడుతుంది.

నాలుగో మెట్టు: పచ్చ యాలకులు ఎప్పుడు వెయ్యాలి

తీపి వంటల్లో స్టవ్ ఆపాకే. దీనికి నేను పెట్టుకున్న మినహాయింపు ఒక్కటీ లేదు. పరమాన్నం నేను చేసే పద్ధతి చెబుతాను.

అర కప్పు బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. లీటరు చిక్కటి పాలకి ఒక గ్లాసు నీళ్ళు కలిపి మరిగించి, బియ్యం వేసి, సన్నటి సెగ మీద మెతుకు మెత్తబడేదాకా ఉడికించాలి. అరగంట పైనే పడుతుంది. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఈలోగా 150 గ్రాముల బెల్లం పావు గ్లాసు నీళ్ళలో కరిగించి, వడకట్టి, చల్లారనివ్వాలి. అన్నం ఉడికాక స్టవ్ ఆపి పది నిమిషాలు ఆగాలి. వేడి పాలల్లో బెల్లం పోస్తే విరిగే ప్రమాదముంది. వేడి తగ్గాక బెల్లం నీళ్ళు పోసి కలపండి. చిన్న గరిటెలో రెండు స్పూన్ల నెయ్యి కాచి జీడిపప్పు, కిస్మిస్ వేయించండి. సెగ మీంచి దించి ఐదు కాయల గింజల పొడి ఆ నేతిలో వెయ్యండి. పది అంకెలు లెక్కపెట్టి, నెయ్యంతా పరమాన్నంలో పోసి వెంటనే మూత పెట్టండి. మరో పది నిమిషాలదాకా మూత తియ్యొద్దు.

యాలకుల నూనె నీటిలో సరిగ్గా కలవదు, నేతిలో బాగా కలుస్తుంది. ఆ నెయ్యి పాయసమంతా పరుచుకుంటే వాసన కూడా ప్రతి స్పూనులోనూ సమంగా ఉంటుంది. పొడిని విడిగా పైన చల్లితే ఒకచోట గుప్పుమంటుంది, ఇంకోచోట ఉండదు. రవ్వకేసరి, చక్కెర పొంగలి, సేమ్యా పాయసం అన్నిటికీ ఇదే పద్ధతి. బొబ్బట్ల పూర్ణంలో అయితే పొయ్యి మీంచి దించి, చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక కలపండి. అర కిలో పచ్చిశనగపప్పు, అర కిలో బెల్లానికి 12 కాయలు. సున్నుండలకైతే నెయ్యి పోసేముందు పిండిలోనే కలిపెయ్యాలి.

పచ్చకర్పూరం వేసే అలవాటుంటే ఆవగింజంత మాత్రమే వెయ్యండి. ఎక్కువైతే యాలకుల వాసన దానికింద అణిగిపోతుంది.

పానకంలో నెయ్యి ఉండదు, వేడీ ఉండదు. కాబట్టి శ్రీరామనవమికి పానకం కలిపేటప్పుడు ఆరు కాయల గింజల్ని, అర టీస్పూను మిరియాల్ని చిన్న బెల్లం ముక్కతో కలిపి చాలా మెత్తగా నూరండి. 200 గ్రాముల బెల్లం కరిగించి వడకట్టిన లీటరు నీళ్ళలో ఆ ముద్ద కలిపి, చిటికెడు శొంఠి వేసి, అరగంట కదపకుండా ఉంచండి. కలిపిన వెంటనే తాగితే మిరియాల ఘాటే తెలుస్తుంది. అరగంట తర్వాత యాలకుల వాసన తెలుస్తుంది.

టీలో తొక్కతో సహా చితక్కొట్టి వెయ్యండి. రెండు కప్పులకి రెండు లేదా మూడు కాయలు. అల్లం ముందే నీళ్ళలో వేసి మరిగించాలి, యాలకులు దించడానికి రెండు నిమిషాల ముందు వెయ్యాలి. రెండూ ఒకేసారి వేసి పది నిమిషాలు మరిగిస్తే అల్లం టీయే మిగులుతుంది.

ఐదో మెట్టు: నల్ల యాలకులు

ఇక్కడ నియమం తలకిందులవుతుంది. నల్లవాటిని ముందే వెయ్యాలి, నెమ్మదిగా ఉడకనివ్వాలి. ఆ మందపాటి తొక్క దాటి పొగ రుచి బయటికి రావాలంటే అరగంటైనా పడుతుంది. చివర్లో వేస్తే ఉపయోగం లేదు.

అర కిలో మటన్‌కి ఒక్క కాయ. రోకలితో నొక్కి చీలితే చాలు, పొడి చెయ్యొద్దు. నూనె ఓ మాదిరిగా కాగాక వేసి అర నిమిషం వేయించి, ఉల్లిపాయలు వెయ్యండి. తర్వాత మీరు ఎప్పుడూ చేసే కూరే. కుక్కర్ మూత తీశాక కాయని వెతికి తీసెయ్యండి. మాంసానికి బొగ్గుల మీద వండినట్టు ఒక లోతు వస్తుంది. రెండోసారి చేసేటప్పుడు కూడా ఒక కాయతోనే ఆగండి. ఎక్కువైతే మందు వాసన వస్తుంది.

శాకాహారులకి కూడా ఇది మంచి దినుసు. రాజ్మా, కాబూలీ శనగలు, పుట్టగొడుగుల కూర, వీటిలో దేనికైనా ఒక కాయ వేసి చూడండి. గోంగూర, చింతపండు లాంటి పులుపున్న కూరల్లో మాత్రం నాకు నచ్చలేదు. పులుపు, పొగ కలిసి చేదులా అనిపిస్తుంది.

ఇంట్లో గరం మసాలా చేసుకుంటే 15 పచ్చ యాలకులకి రెండు నల్లవి చాలు. నల్లవాటి గింజలు మాత్రమే తీసుకోండి, తొక్క పీచుగా ఉంటుంది.

రెండూ కలిసే చోటు: దమ్ బిర్యానీ

హైదరాబాదీ బిర్యానీలో యాలకులు మూడుసార్లు పడతాయి. మూడుసార్లూ వేసే పద్ధతి వేరు.

కిలో మటన్‌ని నానబెట్టేటప్పుడు పెరుగు, మసాలాలతో పాటు రెండు నల్లవి, ఆరు పచ్చవి చితక్కొట్టి వెయ్యండి. ఇవి దమ్‌లో మాంసంతో పాటు గంటసేపు ఉడుకుతాయి. పచ్చవాటి తీపి వాసన ఇక్కడ చాలావరకు పోతుంది, మిగిలే ఘాటే మాంసానికి కావాలి.

బియ్యం ఉడికించే నీళ్ళలో ఉప్పు, షాజీరాతో పాటు ఐదు పచ్చ కాయలు చీల్చి వెయ్యండి. నీళ్ళు తెర్లాక ఐదు నిమిషాలు మరిగించి అప్పుడు బియ్యం వెయ్యాలి. ఇందులో నల్లవి వద్దు, అన్నం తెల్లదనానికీ వాసనకీ అవి అడ్డం.

చివరిది చాలామంది వదిలేస్తారు. అన్నం పైపొర వేశాక, అర కప్పు గోరువెచ్చని పాలలో కుంకుమపువ్వు నానబెట్టి, అందులో నాలుగు కాయల గింజల పొడి కలిపి పైన చిలకరించండి. రెండు స్పూన్ల నెయ్యి పోసి, మూత అంచుకి గోధుమపిండి ముద్ద చుట్టి మూసెయ్యండి. ఆవిరి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఆ వాసన అన్నంలోనే ఉంటుంది. మూత తీసినప్పుడు గుప్పుమని కొట్టే వాసనలో కుంకుమపువ్వుతో పాటు ఈ నాలుగు కాయల వాటా కూడా ఉంది.

ఎన్ని కాయలు వేశారో ఒక కాగితం మీద రాసుకోండి. వడ్డించేటప్పుడు లెక్క చూసి తీసెయ్యొచ్చు. లేదంటే పల్చటి గుడ్డలో మూటకట్టి వెయ్యండి, నిహారీ (నెమ్మదిగా ఉడికించే మాంసం పులుసు) చేసేవాళ్ళు మసాలాని పోట్లీ కట్టేది ఇలాగే.

తప్పు జరిగితే

స్వీట్లో యాలకులు ఎక్కువై సబ్బులా అనిపిస్తే మూత తీసి కాసేపు సన్నటి సెగ మీద పెట్టండి, కొంత వాసన పోతుంది. పాలు లేదా కొబ్బరి కలిపినా తగ్గుతుంది. తాలింపులో గింజలు మాడితే చేదు దిగిపోతుంది, దాన్ని సరిచెయ్యడం కుదరదు. ఆ నూనె పారబోసి మళ్ళీ మొదలుపెట్టడమే మంచిది. కూరలో పొగ వాసన ఎక్కువైతే కాయ తీసేసి, రెండు స్పూన్ల పెరుగో జీడిపప్పు ముద్దో కలపండి.

బయటి దేశాల్లో

కంబోడియాలో క్రవాన్ కొండల్లో గుండ్రంగా, తెల్లగా ఉండే యాలకులు పండుతాయి. ఇవి మన తెల్లబరిచినవి కావు, వేరే జాతి. థాయ్‌లాండ్ మస్సమన్ కూరలో వేస్తారు. కర్పూరంలా చల్లటి వాసన, ఘాటు తక్కువ. వియత్నాం వాళ్ళు ఫో సూప్‌లో వేసేది చైనాలో కూడా వాడే ఇంకో పెద్ద జాతి, మన నల్లవాటికి దగ్గర. ఇథియోపియాలో కొరరిమా అని ఒకటుంది, బెర్బెరే మసాలాలో వేస్తారు. స్వీడన్ వాళ్ళు యాలకుల్ని బ్రెడ్డులో కలుపుతారు. వాళ్ళు గింజల్ని రవ్వలా బరకగానే ఉంచుతారు. నమిలినప్పుడు పంటికింద ఒక్కో పలుకు పగిలి వాసన వస్తుంది. ఇంట్లో బన్నులు, కేకులు చేసేవాళ్ళు ఇది చేసి చూడండి. అర కిలో మైదాకి రెండు టీస్పూన్ల బరక పొడి.

వీటన్నిటికంటే మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలిసింది గల్ఫ్ గహ్వా, అంటే యాలకులు వేసిన అరబ్బుల కాఫీ. 2015లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రియాద్‌లో ఉండే మా వదిన నేర్పిన పద్ధతి ఇది. లేతగా, దాదాపు బంగారు రంగులో వేయించిన కాఫీ గింజల బరక పొడి మూడు పెద్ద స్పూన్లు, మూడు కప్పుల నీళ్ళలో వేసి సన్నటి సెగ మీద పది నిమిషాలు మరిగించాలి. దించి, పొడి అడుక్కి దిగేదాకా ఆగాలి. ఒక పెద్ద స్పూను బరక యాలకుల పొడి, నాలుగు కుంకుమపువ్వు రేకలు వేసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి రెండు మూడు నిమిషాల్లో దించెయ్యాలి. ఇక్కడ కూడా యాలకులు చివరే. వడకట్టి, పిడి లేని చిన్న కప్పుల్లో అడుగున కొంచెమే పొయ్యాలి. పాలు, పంచదార ఉండవు, తీపికి పక్కన ఖర్జూరాలుంటాయి. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోస్తూనే ఉంటారు. ఇక చాలనిపిస్తే కప్పుని అటూ ఇటూ చిన్నగా ఊపి ఇచ్చెయ్యాలి.